శనివారాల లెక్క

జగిత్యాల
ఆగస్టు 4, 2025

గజాలాకు,

పోయిన గురువారం నీ కవరు చేతికి వచ్చినప్పుడు దాని అంచున రెండు స్టాప్లర్ పిన్నులు ఉన్నాయి. వాటి పక్కనే రెండు పాత పిన్నుల రంధ్రాలు కూడా ఉన్నాయి. ఒకసారి మూసి, తెరిచి, మళ్లీ మూసిన కవరు. బస్సు కార్గో వాళ్లు తెరిచారేమోనని లోపలి కాగితాలు లెక్కపెట్టాను. అన్నీ ఉన్నాయి.

ఫోన్ చేయకుండా రాస్తున్నానని ఏమీ అనుకోకు. ఫోన్‌లో నాకు మాట సాగదని నీకు తెలుసు. దిద్దిన కాగితాలు ఎలాగూ వారం వారం సిరిసిల్లకు పంపుతున్నాను. వాటితో పాటే ఇదీ వస్తుంది.

విషయం ఆ కవరులో వచ్చిన మీ కళ్యాణి వ్యాసం. ఢిల్లీ స్కాలర్‌షిప్ కోసం రాసిన ఆ రెండు పేజీల్లో తన గురించి చెప్పింది ఇది. వాళ్ల అమ్మ బీడీలు చుట్టి కార్ఖానాకు తీసుకుపోతుంది. అక్కడ చెకర్ బాగా లేవని కొన్ని పక్కకు తీసేస్తాడు. పదకొండేళ్ల కూతురు ఏ రోజు ఎన్ని పక్కకు పోయాయో ఇంటి గోడ మీద పెన్సిల్‌తో గీతలు గీసి పెట్టుకుంది. ముప్పై ఎనిమిది రోజులు. చివరికి చూస్తే శనివారాల్లోనే ఎక్కువ పోయాయి. తప్పు అమ్మ చేతిలో ఉంటే అన్ని రోజులూ ఒకేలా ఉండాలి కదా అని ఆ పిల్లకు తోచింది. స్టాటిస్టిక్స్ మీద ఇష్టం అక్కడ మొదలైందట.

మొన్న శుక్రవారం కోరుట్ల కాలేజీ నుంచి జీవన్ అనే బీకాం విద్యార్థి తన కాగితాలు తెచ్చాడు. అతని వ్యాసంలోనూ అమ్మ, బీడీలు, గోడ, పెన్సిల్, శనివారాలు. ముప్పై ఎనిమిది రోజులు. నెల కాదు, నలభై కాదు.

"ఇది నీ సంగతేనా?" అని అడిగాను.

"నాదే మేడం. మా అమ్మ బీడీలు చేస్తది. కావాల్నంటే అచ్చి సూడుండ్రి."

"ముప్పై ఎనిమిది రోజులకే ఎందుకు ఆపావు?"

అతను కొంచెం ఆలోచించాడు. "పెన్సిల్ అయిపోయింది మేడం."

నీకు తెలిసినవే అయినా కొన్ని రాసి పెడుతున్నాను, తర్వాత ఎవరం మరచిపోయామని అనకుండా. ఈ ఏడాది నుంచి మన సొసైటీ మూడు కాలేజీల దరఖాస్తులూ జగిత్యాల నుంచే పోవాలి. ప్రిన్సిపాల్ గారి లాగిన్ నా దగ్గర ఉంది. సెప్టెంబర్ ముప్పైలోగా నేను సరిచూసి నొక్కితే దరఖాస్తు ముందుకు పోతుంది. ఒకేలా ఉన్న వ్యాసాలు దొరికితే కమిటీ ఇద్దరినీ తీసేస్తుంది. మూడేళ్ల పాటు మన కాలేజీల నుంచి ఎవరినీ తీసుకోదు. అందుకని రెండూ ఆపాను.

కళ్యాణి ఎలాంటి పిల్ల? నీ ముందే కూర్చుని రాసిందా? నాకు పంపకముందు ఆ వ్యాసం ఎవరికైనా చూపించావా? నీ మీద అనుమానంతో కాదు. అడగాలి కాబట్టి అడుగుతున్నాను.

*

సిరిసిల్ల
ఆగస్టు 11

రత్నమాలా,

నీ ఉత్తరం పోలీసు స్టేషన్ నుంచి వచ్చినట్టు ఉంది. కింద సంతకం కూడా పెట్టవు. కాన్వెంట్ హాస్టల్లో నా సబ్బు పోయినప్పుడు కూడా ఇలాగే మంచాల వరసలో ఒక్కొక్కరినీ అడుగుతూ పోయావు. ఆ సబ్బు చివరికి నా బకెట్లోనే దొరికింది, గుర్తుందా?

కళ్యాణి సంగతి అడిగావు. ముస్తాబాద్ నుంచి రోజూ ఆటోలో వస్తుంది. బీఎస్సీ ఆఖరి సంవత్సరం. క్లాసులో నోరు విప్పదు, ఆ విషయంలో నీ చెల్లెలు అనుకో. ఈ స్కాలర్‌షిప్ వస్తే హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ. రాకపోతే డిగ్రీతో ఆపేసి కరీంనగర్‌లో ఒక చీరల షోరూంలో చేరుతుంది. తల్లి సత్తవ్వ అక్కడ మాట కూడా ఇచ్చేసింది. "ఇంతదాంక సదివిపిచ్చిన. ఇగ నాతోని గాదు మేడం" అని నాతోనే అన్నది. ఆమెను తప్పుపట్టలేను.

నీ ప్రశ్న కళ్యాణిని అడిగాను. "గిది నువ్వే రాసినవా బిడ్డా?" అంటే, "నా చేతితోనే రాసిన మేడం" అన్నది. చేతితోనే.

సత్తవ్వ బీడీలు చుట్టదు. పొలం పనికి పోతుంది, రెండు గేదెలు ఉన్నాయి. ఆ ఇంట్లో తునికాకు వాసన కూడా ఉండదు. ఈ సంగతి నీకు కవరు పంపకముందే నాకు తెలుసు. మరి ఎందుకు పంపావని అడుగుతావు. నువ్వేమంటావో చూద్దామని పంపాను.

చూశాను. ఇద్దరిలో ఎవరిది అని అడిగావు. ఇద్దరిదీ కాకపోతే ఎవరిది అని అడగలేదు. ఇంకొకటి. జూలైలో నీకు పద్నాలుగు వ్యాసాలు పంపాను. పద్నాలుగూ ఎర్ర సిరాతో నిండి తిరిగొచ్చాయి. "ఇది నిజమా?", "ఎప్పుడు?", "అప్పుడు మీ అమ్మ ఏమన్నది?" అని నీ ప్రశ్నలు చూసి పిల్లలు ఏడ్చినంత పని చేశారు. ఆ తర్వాత పంపిన కళ్యాణి వ్యాసం మాత్రం ఒక్క గీత లేకుండా తిరిగొచ్చింది. అంత బాగుందా?

ముప్పై ఎనిమిది దగ్గర నువ్వే ఆగావు. నువ్వేమనుకుంటున్నావు?

నీ గజాలా

*

కోరుట్ల
ఆగస్టు 24

గజాలాకు,

ఆదివారం చర్చి అయ్యాక కోరుట్ల వచ్చాను. బస్టాండులో బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. బస్సుకు ఇంకా గంట ఉంది.

ముందు జీవన్ ఇంటికి వెళ్లాను. తల్లి రత్తమ్మ నిజంగానే బీడీలు చుడుతుంది. చేట ఒళ్లో పెట్టుకునే మాట్లాడింది. గోడ మీద లెక్క సంగతి అడిగితే చేతులు ఆగాయి.

"లెక్కనా? వీడా? నేను కార్ఖానాకు పొయ్యి రమ్మంటెనే పోడు. ఎన్నడన్న ఒక్క కట్టకు దారం సుట్టినోడు గాదు."

జీవన్ తలుపు దగ్గర నిలబడి కాలి బొటనవేలు చూసుకుంటున్నాడు. బయటికి వచ్చాక చెప్పాడు. "ఫార్మాట్ ఉన్నది మేడం. జిరాక్స్ షాపుల."

షాపు బస్టాండు ఎదురుగానే ఉంది. యజమాని పేరు మొగిలి. నేను ఏం కావాలో చెప్పడానికి మాటలు వెతుక్కుంటుండగానే అతను అడిగాడు.

"ఏం ఫారం మేడం? ఇన్‌కమా, క్యాస్టా, గ్యాపా?"

"ఢిల్లీ స్కాలర్‌షిప్," అన్నాను.

"ఉన్నది." వెనక్కి తిరిగి చూడకుండానే ప్లాస్టిక్ కవరులోంచి రెండు కాగితాలు లాగాడు. "ముందల పేరు, ఊరు నింపుకోండ్రి. తతిమ్మదంత గట్లనే దించాలె. ఇంగ్లీషు మంచిగుంటది. ఏటా పది మంది దాంక తీస్కపోతరు."

"ఎవరికైనా వచ్చిందా?"

"వచ్చినోళ్లు మల్ల నా దుకాణానికెందుకు వస్తరు మేడం?"

పేరు ఉన్నచోట తెల్ల సిరా పూసి, దాని మీద చుక్కలు పెట్టారు. ఊరి పేరు దగ్గరా అంతే. మిగిలినదంతా అలాగే ఉంది. ఎవరో కాలేజీ సార్ ఇచ్చాడట, చాలా ఏళ్లయిందట. ఈసారి ఎవరో దాన్ని ఫోటో తీసి మూడు కాలేజీల పిల్లల గ్రూపులో పెట్టారు. కళ్యాణికి అలా చేరింది. రాసింది ఎవరో కాగితం మీద లేదు.

కాబట్టి ఒకరి నుంచి ఒకరు దొంగిలించలేదు. ఇద్దరూ ఒకే కాగితం నింపారు. ఇంకెంతమంది నింపారో చూడాలి. జగిత్యాల వాళ్లవి మళ్లీ చదువుతాను.

ఇప్పుడు నేను ఒకటి అడుగుతాను. ఆ కవరు తెరిచి మళ్లీ మూసింది కార్గో వాళ్లు కాదు. పిన్నులు మీ కాలేజీ స్టాప్లర్‌వి, మిగతా వాటికంటే పొట్టిగా ఉంటాయి. అందులోంచి ఏం తీశావు?

*

సిరిసిల్ల
ఆగస్టు 30

రత్నా,

ఒక చీటీ తీశాను. మొదట పెట్టాను, తర్వాత ధైర్యం చాలక తీసేశాను. దాని మీద ఒకే ఒక్క ప్రశ్న ఉంది. ఈ ఉత్తరం చివర అదే అడుగుతాను.

నువ్వు కోరుట్ల వెళ్లావు, షాపు చూశావు, మొగిలి మాటలు అక్షరం పోకుండా రాశావు. ఆ రెండు కాగితాలు మాత్రం నాకు పంపలేదు. నీ దగ్గర నుంచి వస్తాయని వారం చూసి, కళ్యాణి ఫోన్‌లో ఉన్న ఫోటో నా ఫోన్‌కు తెప్పించుకుని పూర్తిగా చదివాను. ఆ పిల్ల రాసేటప్పుడు రెండు వాక్యాలు వదిలేసింది. పేజీ సరిపోలేదట. ఆ రెండూ ఇవీ.

ముప్పై తొమ్మిదో రోజు పండగకు గోడకు సున్నం వేశారు, లెక్క అక్కడితో పోయింది. శనివారాలు ఎందుకని అమ్మను అడిగితే, ఆ రోజు సేటు వస్తాడు, సేటు ముందు చెకర్ పనిమంతుడవుతాడు అని చెప్పింది.

రెండో వాక్యం మా అమ్మీది. వంటింటి గడప మీద కూర్చుని, కత్తెరతో ఆకు కత్తిరిస్తూ అన్నది. గోడ మాది. గీతలు నావి. రంజాన్‌కు సున్నం వేయించింది మా అబ్బా. ఆరో తరగతి సెలవుల్లో నువ్వు వారం రోజులు మా ఇంట్లో ఉన్నావు. సున్నం బకెట్ పట్టుకున్నది నువ్వే. నా గీతలు పోతున్నాయని నేను ఏడిస్తే, "ఎన్ని రోజులో నేను గుర్తుపెట్టుకుంటాను లే" అని కూడా అన్నావు.

గుర్తుపెట్టుకున్నావు.

కాన్వెంట్‌లో నేను అమ్మీ కుట్టుపని చేస్తుందని చెప్పేదాన్ని. తంబాకు వాసన వస్తుందని పిల్లలు నా పెట్టె దూరంగా జరిపేవాళ్లు. నిజం తెలిసింది నీకొక్కదానికే. కళ్యాణి వ్యాసాన్ని మొదటిసారి క్లాసులోనే చదివాను. మా ఇంటి గోడ ముస్తాబాద్ ఎలా పోయింది అనుకున్నాను. ఆ రాత్రంతా నీకు తప్ప ఇంకెవరికైనా చెప్పానా అని వెతుక్కున్నాను. చెప్పలేదు.

చీటీలో ఉన్నది ఇది. ఆ వ్యాసం రాసింది నువ్వేనా?

గజాలా

*

జగిత్యాల
సెప్టెంబర్ 3

గజాలాకు,

అవును.

డిగ్రీ ఆఖరి సంవత్సరంలో రాశాను. నా గురించి రెండు పేజీలు రాయమన్నారు. నాలుగు రోజులు కూర్చున్నాను. మా అమ్మ కాన్వెంట్ వంటింట్లో గిన్నెలు తోమేది, సిస్టర్లు నన్ను ఊరికే చదివించారు, నేను లైబ్రరీలో ఉండేదాన్ని. అది ఒక పేరా కూడా కాలేదు. నాకు జరిగింది అంటూ ఏమీ లేదనిపించింది. నీకు జరిగినది గుర్తొచ్చింది. ఒకసారి మొదలుపెడితే గంటలో అయిపోయింది.

సిఫారసు ఉత్తరం కోసం వెంకటేశం సార్ దగ్గరికి వెళ్లాను. ఆయన ఎప్పటిలాగే, "నువ్వే రాస్కరా, సంతకం జేస్త. అట్లనే నీ ఎస్సే ఒక కాపీ ఇయ్యి, ఏం రాయాల్నో నాకు ఎరుకుండాలె గద" అన్నాడు. ఇచ్చాను. ఆయనకు అది నచ్చింది. తర్వాతి పిల్లలకు ఇలా రాయండని చూపించాడు. చూపించిన కాగితం షాపుకు చేరింది. ఆయన మంచికే చేశాడు.

జీవన్ కాగితం మొదటి వాక్యం చదవగానే గుర్తుపట్టాను. కళ్యాణిది అప్పటికే నా బల్ల మీద ఉంది. దాని మీద ఎర్ర సిరా పెట్టలేకపోయాను. నువ్వు అది చూశావు.

నీకు చెప్పాల్సిన మొదటి ఉత్తరంలో నీ మీదే ప్రశ్నలు వేశాను. నువ్వు ఎక్కడో ఆ ఫార్మాట్ చూశావని, నన్ను పట్టుకోవడానికే కళ్యాణి చేత రాయించి పంపావని అనుకున్నాను. మూడు వారాలు అలాగే అనుకున్నాను. కోరుట్ల వెళ్లింది నిజం కనుక్కోవడానికి కాదు, నా పేరు ఆ కాగితం మీద ఇంకా ఉందో లేదో చూడటానికి. లేదు.

పిల్లల తప్పు ఏమీ లేదు. కళ్యాణి, జీవన్, జగిత్యాల వాళ్లు మరో ఇద్దరు, నలుగురి దరఖాస్తులూ దిద్దుకోవడానికి వెనక్కి పంపాను. తిరస్కరించలేదు. సెప్టెంబర్ ఇరవై ఐదులోగా కొత్త వ్యాసాలు నాకు చేరితే సమయం ఉంటుంది. కళ్యాణితో నువ్వు మాట్లాడు. నేను మాట్లాడితే భయపడుతుంది, నేనూ భయపడతాను.

క్షమించమని అడగడానికి ఇది సరైన చోటో కాదో తెలియక అడగడం లేదు.

*

సిరిసిల్ల
సెప్టెంబర్ 19

రత్నమాలకు,

రెండు వారాలు రాయలేదు. కాగితం ముందు కూర్చుంటే వచ్చిన మాటలు నీకు పంపదగ్గవి కావు.

ముందు కళ్యాణి పని. నీతో ఎంత కోపం ఉన్నా ఆ పిల్ల గడువు ఆగదు కదా. నిన్న క్లాసులు అయ్యాక కూర్చోబెట్టాను.

"మీ అమ్మ బీడీలు సుట్టదు గద. మరి ఎందుకు రాసినవు?"

"మాడల్‌ల గట్లున్నది మేడం. మాడల్ మార్సద్దు గద."

"మార్సద్దని ఎవలు జెప్పిన్రు?"

"ఇన్‌కమ్ సర్టిఫికెట్‌కు మా నాయిన పేరు జర తేడ వడ్డదని మూడు మాట్ల తిప్పిన్రు. మూడు దినాల కాలేజి వోయింది. గందుకే ఈసారి ఉన్నది ఉన్నట్టు దించిన."

మనం వీళ్లకు ఏళ్లుగా ఫారాలు నింపడమే నేర్పాం. నింపింది. నేను నవ్వానో ఏమో, కొంచెం ధైర్యం వచ్చింది ఆ పిల్లకు.

"మరి నీ సంగతి రాయి."

"నా సంగతేమున్నది మేడం. పొద్దుగాల లేస్త, ఆటో ఎక్కుత, కాలేజికి అస్త, మల్ల పోత."

ఆ మాట ఇంతకుముందు ఎక్కడ చదివానో గుర్తొచ్చింది. నీ పోయిన ఉత్తరంలో. కోపంతోనే నీ ఎర్ర సిరా ప్రశ్న ఒకటి అడిగాను, ఎన్నింటికి అని.

"గది జెప్పలేం మేడం. ఎనమండ్లు నిండితెనే ఆటో కదులుతది. జల్ది వోయి కూసుంటే జల్ది వోతమని అందరనుకుంటరు. అంగడి నాడు నాలుగు నిమిషాలు, తతిమ్మ దినాలు పదహారు దాంక ఆగాలె. ఏడో మనిషి కూసున్నంక ఇంట్ల కెళ్లి ఎల్లితెనే మంచిది."

"నీకెట్ల ఎరుక?"

నోట్‌బుక్ తిప్పి వెనక నుంచి తెరిచింది. రత్నా, రెండేళ్ల లెక్క ఉంది అందులో. ఏ రోజు ఎన్నింటికి రోడ్డు మీదికి వచ్చింది, అప్పటికి ఆటోలో ఎందరున్నారు, ఎన్ని నిమిషాలకు కదిలింది. వానపడిన రోజులకు వేరే రంగు. వాళ్ల ఇంటి మేడ మీద నుంచి అడ్డా కనిపిస్తుందట, అక్కడ నిలబడి తలలు లెక్కపెడుతుంది. మొదటి గంట క్లాసు తప్పిపోకూడదని మొదలుపెట్టింది. రెండో ఏడాది ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు. "గిది గూడ స్టాటిస్టిక్సేనా మేడం?" అని అడిగింది.

కొత్త వ్యాసం ఈ కవరులో ఉంది. ఇంగ్లీషు వంకరగానే ఉంది. దిద్దు, కానీ తన మాటలు తీసేయకు. ఒక పిన్నే కొట్టాను, మళ్లీ తెరవలేదు.

ఇప్పుడు మన సంగతి.

అమ్మీకి చెప్పాను. చెప్పాలా వద్దా అని నిన్ను అడగలేదు. అమ్మీ చాలాసేపు నవ్వింది. "నా బీడీలు ఢిల్లీ దాంక పోయినయా? మరి ఆడి చెకర్ ఎన్ని పక్కకు తీసిండో" అన్నది. తర్వాత నువ్వు తిన్నావా, పెళ్లి సంబంధాలు చూస్తున్నారా అని అడిగింది. నేను నవ్వలేదు.

నీకు గుర్తులేదేమో. ఆ ఏడాది నేనూ అదే స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టాను. మా నాన్న బట్టల వ్యాపారి అని రాశాను, రాలేదు. సాంచాల మీద నేత పని అని రాయడానికి సిగ్గేసింది, అమ్మీ బీడీలు అని రాయడానికి ఇంకా సిగ్గేసింది. నాకు జరిగినది రాయడానికి నాకు చేతకాలేదు. నీకు చేతనైంది. నీది కాదు కాబట్టి నీకు సిగ్గు వేయలేదు.

ఆ వ్యాసంతో తర్వాత ఏమైందో నువ్వు రాయలేదు. నేను అడగడం లేదు. అడిగితే నువ్వు జాగ్రత్తగా ఆలోచించి జవాబు రాస్తావు.

గజాలా

*

జగిత్యాల
డిసెంబర్ 16

గజాలాకు,

సెప్టెంబర్‌లో నీ ఉత్తరానికి జవాబు రాయలేదు. కళ్యాణి కాగితాలు మాత్రం పంపుతూ వచ్చాను. నువ్వూ కాగితాలే పంపావు. ఇన్ని కవర్లలో ఒక్క చీటీ కూడా లేకపోవడం నాకు అలవాటు కాలేదు.

ఇంటర్వ్యూ జాబితా నిన్న వచ్చింది. కళ్యాణి పేరు ఉంది. మన మూడు కాలేజీల నుంచి ఆమె ఒక్కతే. ఈపాటికి నువ్వు చూసే ఉంటావు. జనవరి మొదటి వారంలో ఢిల్లీ వెళ్లాలి, తోడు వచ్చే ఒకరికి కూడా రైలు ఖర్చు వాళ్లే ఇస్తారు. సత్తవ్వ వెళ్తుందో నువ్వు వెళ్తావో మీరు తేల్చుకోండి. ఆటో లెక్క మీదే అడుగుతారు. అడిగితే ఆ నోట్‌బుక్ చూపించమను. వాళ్లు ఎంత తిప్పి అడిగినా ఆమె దగ్గర జవాబు ఉంటుంది.

జీవన్ పేరు రాలేదు. వచ్చి పది నిమిషాలు నా బల్ల ముందు నిలబడ్డాడు. "మా అమ్మ సంగతే రాసిన మేడం ఈపాలి. మొత్తం నిజమే రాసిన. అయిన రాలే," అన్నాడు. నిజం రాస్తే వస్తుందని నేను మాట ఇచ్చానా అని ఆలోచించాను. ఇవ్వలేదు, కానీ అతనికి అలా వినిపించి ఉంటుంది. రాష్ట్ర స్కాలర్‌షిప్ ఫారం ఇచ్చి పంపాను.

పోయిన నెల కోరుట్లలో మొగిలి షాపుకు మళ్లీ వెళ్లాను. ఆ కాగితం ఇవ్వడం మానేయమన్నాను. కారణం చెప్పాను, మొత్తం చెప్పాను. నోట మాట రాక రాసి చూపించాల్సి వచ్చింది. అతను చదివి, "అంటే గిది మీరు రాసిందా? మరి అప్పుడే జెప్పొద్దా మేడం, నేనేమో ఏడేండ్ల సంది ఎవలో పెద్ద సారు రాసిండనుకుంటున్న" అన్నాడు. తర్వాత ప్లాస్టిక్ కవరు ఖాళీ చేసి నా చేతికి ఇచ్చి, "మరి దీని జాగల ఏం పెట్టాలె? పోరగాండ్లు అస్తరు" అని అడిగాడు. ప్రశ్నలు మాత్రమే ఉన్న ఒక పేజీ రాసిచ్చాను. రోజూ నువ్వు చూసేది, వేరే వాళ్లు చూడనిది ఏమిటి? ఏదైనా ఎన్నిసార్లు జరిగిందో ఎప్పుడైనా లెక్కపెట్టావా? ఇలాంటివి పన్నెండు. జవాబులు లేకపోతే ఎవరు కొంటారని అతనికి అనుమానం.

నీ ఆఖరి వాక్యం చాలాసార్లు చదివాను. జాగ్రత్తగా ఆలోచించి జవాబు రాస్తానని నువ్వన్నది నిజమే. మూడు నెలలు ఆలోచించాను. నాలుగు సార్లు రాసి చించేశాను. ప్రతిసారీ చెప్పకుండా తప్పించుకునే దారి ఒకటి మధ్యలో దొరికేది. ఇప్పుడు ఆ దారి లేదు, అందుకే రాస్తున్నాను.

ఇంటర్వ్యూకు పిలిచిన వాళ్ల కాలేజీల నుంచి ఒక ధ్రువపత్రం అడిగారు. వ్యాసంలో ఉన్నది విద్యార్థి సొంత అనుభవమేనని, దరఖాస్తు సరిచూసిన మనిషి తన పేరుతో సంతకం చేయాలి. అది ఈ రోజు సాయంత్రంలోగా చేరకపోతే కళ్యాణి పేరు తీసేసి తర్వాతి పేరు పిలుస్తారు. ప్రిన్సిపాల్ గారు, "చూసింది నువ్వే గద రత్నమాలా, నువ్వే చెయ్యి" అన్నారు. మొదటి ఆరు గడులు కళ్యాణి గురించి. అవి నింపడం కష్టం కాలేదు. సెప్టెంబర్‌లో దరఖాస్తు నొక్కకముందే ముస్తాబాద్ వెళ్లి ఆ మేడ ఎక్కి చూశాను. ఆటో అడ్డా కనిపిస్తుంది. ఏడుగురు ఎక్కేవరకు నేనూ తలలు లెక్కపెట్టాను.

ఏడో గడి సరిచూసిన మనిషి గురించి. మీరు గతంలో ఈ స్కాలర్‌షిప్ పొందారా అని అడుగుతుంది. ఖాళీగా వదిలితే ధ్రువపత్రం చెల్లదు.

నింపాను. సంతకం చేశాను. మధ్యాహ్నం రెండింటికి అప్‌లోడ్ చేశాను, చేరిందని సందేశం వచ్చింది. కళ్యాణి పని అయిపోయింది. దాని నకలు మీ కాలేజీకి పోస్టులో వస్తుంది. కవర్లు తెరిచేది నువ్వే కాబట్టి, అది చూడకముందే ఈ ఉత్తరం నీకు చేరాలని బస్సు కార్గోలో ఇప్పుడే వేస్తున్నాను.

డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో ఎం.ఏ. చేస్తున్నప్పుడు ఫీజు ఎవరు కడుతున్నారని మీ అమ్మీ నన్ను అడిగింది. సిస్టర్లు అని చెప్పాను. నీకూ అదే చెప్పాను. సిస్టర్లు కట్టలేదు. ఇంటర్వ్యూలో శనివారాలు ఎందుకని అడిగితే మీ అమ్మీ మాట చెప్పాను, ఆ ఏడాది నాకు ఆ స్కాలర్‌షిప్ వచ్చింది.